అద్దాలకు పోసిన మంచినీళ్ళు

మా తమ్ముడికి వీధిలో ఉన్న పేరు ఎండపిచ్చోడు. సముద్రపు నీళ్ళని కాచి మంచినీళ్ళు చేసే చోట ముప్పై ఏళ్ళుగా బాయిలరు దగ్గర పని. నా చదువు మూడో తరగతితో సరి. అయినా ఆ బాయిలరు సంగతి ఎవరడిగినా చెప్పగలను, వీడు ఇంట్లో ఇంకో మాట ఎత్తితే కదా.

ఆ నీళ్ళు కాగడానికి డీజిలు తగలెయ్యాలి. ముందు ఎండకి వేడెక్కించి, ఆ తర్వాత బాయిలరులోకి పంపితే, అంతే డీజిలుకి ఎక్కువ నీళ్ళు వస్తాయని రెండేళ్ళు ఇంజనీరు ప్రాణం తోడేశాడు. చివరికి ఆయన విసుగెత్తి బాయిలరు గది డాబా మీద ఎనభై అద్దాల పెట్టెలు పెట్టించాడు. రోజుకి నలభై డ్రమ్ములు వచ్చేచోట యాభై రావాలి, నెలలోగా రాకపోతే పెట్టెలు పీకించేస్తానన్నాడు.

ఇరవై ఆరు రోజులైనా అక్కడి లెక్కల పుస్తకంలో నలభై నాలుగు దాటలేదు. వీడికి ముద్ద దిగదు. గొట్టాలు ఎక్కడ కారుతున్నాయోనని డాబా అంతా పాకి చూశాడట. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, సముద్రపు గాలికి అద్దాల మీద ఉప్పు పేరుకోకుండా రోజుకి రెండుసార్లు కడుగుతున్నానని గొప్పలు మొదలెట్టాడు.

"ఏ నీళ్ళతోరా?"

"మంచినీళ్ళే అక్కా. ఉప్పునీళ్ళయితే మరకలు పడవూ? లెక్క తొట్టిలో పడకముందే గొట్టం దగ్గర పట్టేస్తా. ఓ ఆరు డ్రమ్ములు."

ఆ ఆరూ పుస్తకంలో రాశావా అని అడిగాను. నలభై నాలుగుకి ఆరు కలపడానికి మూడో తరగతి చాలు. వీడికి అప్పటికీ వెలగలేదు.

"అవి కడుగుడు నీళ్ళు కదా, పుస్తకంలో ఎందుకు రాస్తాం?"

నాలుగు చీవాట్లు పెట్టి, చెయ్యి కడిగించి, ఇంజనీరు దగ్గరికి తోలాను. ఆయన తల పట్టుకుని, పారబోసిన నీళ్ళు తాగడానికి పనికొస్తాయా, ఇంకా నాలుగు రోజులుంది, ఏం చేస్తావో చేసుకో అన్నాడట. మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"పొద్దున్నే అద్దాల మీద మంచు పడదట్రా? అది ఎండకముందే గుడ్డతో తుడిచెయ్. దానికెవడూ లెక్క అడగడు. ట్రంకుపెట్టెలో పాత చీర ఉంది, పట్టుకెళ్ళు."

మర్నాటి నుంచి చీకటుండగానే బయల్దేరాడు. ఆఖరి రోజు నలభై తొమ్మిది. ఇంజనీరు సణిగి సణిగి, ఉండనీ అన్నాడు. పెట్టెలు నిలిచాయి.

సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చి గుడ్డలు నా ముందు పడేశాడు. జరీ అంచు. ఒక్కసారే కట్టిన నా తెల్లచీర, నాలుగు ముక్కలు.

"పాతది గరుగ్గా ఉంది అక్కా. అద్దాలు గీసుకుపోవూ?"