వింకా రాకెట్టులో మూడు గ్రాములు

టొంచి కూర్చోలేడు. స్ప్లిట్ అనే రేవు పట్టణంలో సముద్రం పక్కనున్న టెన్నిస్ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా రాకెట్లకు తీగలు బిగిస్తున్నాడు, అదీ నిలబడే. కాఫీ కూడా తిరుగుతూనే తాగుతాడు. అంతకుముందు ఓడల కర్మాగారంలో ఫిట్టరు. రాకెట్టును వేలి మీద అడ్డంగా నిలిపి, బరువు తల వైపుందో పిడి వైపుందో త్రాసు కంటే ముందే చెప్పేస్తాడు. ఎవరి రాకెట్టుకు ఎన్ని గ్రాములు చేర్చాడో మాత్రం వాళ్లకే చెప్పడు. తెలిస్తే చెయ్యి ఆడదు, బుర్ర ఆడుతుంది అంటాడు. అందులో సగం పొగరే.

ఆ వారం మూడు రోజులు జూగో వీచింది. ఆ తేమగాలి వీచినన్నాళ్లూ ఊళ్లో తలనొప్పులు, తగాదాలు. బుద్ధున్నవాడెవడూ ఏ నిర్ణయమూ తీసుకోడు. తడి పీల్చి బరువెక్కిన బంతులను టొంచి కూతురు వింకా ఎంత కొట్టినా సగం దూరంలోనే పడుతున్నాయి. క్లబ్బు పై లీగులో నిలుస్తుందో దిగిపోతుందో ఆదివారం ఆమె ఆటతోనే తేలాలి. ముప్పై మూడేళ్ల వింకాకు ఆటలో ఇదే చివరి ఏడు.

టొంచికి మనసు ఆగలేదు. శుక్రవారం ఆమె రాకెట్లు మూడింటికీ తల అంచు పట్టీ కింద మూడేసి గ్రాముల సీసం అంటించాడు. సమతూకం కదిలితే పసిగడుతుందని పిడిలో మరో మూడేసి దాచాడు. వేలి మీద పెడితే ఎప్పటి చోటే నిలిచాయి. ఊపినప్పుడు మాత్రం పిడిలోని బరువు చేతికి అంతగా తెలియదు, తలలోదే లాగుతుంది. తడి బంతిని నెట్టడానికి అదే కావాలనుకున్నాడు.

శనివారం సాయంత్రం గాలి తిరిగింది. ఆదివారానికి కొండల మీంచి బూరా అనే చలిగాలి దిగి, అంతా పొడి. రాకెట్లు వింకా ఇంట్లో ఉన్నాయి. ఇవ్వమంటే ఎందుకని అడుగుతుంది. టొంచికి నోరు రాలేదు.

ఆట మొదలైంది. ఎండిన బంతులు దూసుకొస్తున్నాయి, వింకా రాకెట్టు ప్రతిసారీ వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తోంది. టొంచి కంచె వెనక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

కాఫీ కొట్టు షిమె విసుక్కున్నాడు. "ఒక్కచోట ఉండవయ్యా బాబూ! నువ్వు తిరిగితే బంతి లోపల పడుద్దా?"

"నీ కాఫీ సంగతి నువ్వు చూసుకో."

"పిల్లకి చెయ్యి లేవట్లేదేంటి ఇయ్యాళ?"

తేలు కుట్టిన దొంగలా టొంచి కంచె అవతలి చివరికి నడిచాడు. మొదటి సెట్టు ఆరు–రెండుతో పోయింది. ఇక ఉండబట్టలేక, వింకా కూర్చున్న బల్ల వెనక కంచెకు ముఖం ఆనించాడు. బయటివాళ్లు మాట్లాడకూడదని నియమం. ఏమైతే అదైందనుకున్నాడు.

"అమ్మాయ్, తల్లో సీసం పెట్టా. మూడు గ్రాములు. తీసెయ్."

వింకా వెనక్కి తిరగలేదు. అంచు పట్టీ పైకెత్తి, గోటితో సీసం ముక్క లాగి కంచె కిందుగా అతని కాళ్ల దగ్గరకు విసిరింది. వెతుక్కోనైనా లేదు.

"నీకు తెలుసా?"

"పొద్దున మొదటి బంతికే తెలిసింది."

"మరి తీసెయ్యలేదేం?"

"నువ్వే చెప్తావని చూశా నాన్నా. ఒక సెట్టు పట్టింది."

టొంచి వంగి సీసం ముక్క ఏరుకున్నాడు. "పిడిలో కూడా..."

"అదీ తెలుసు. అదుండనీ, బానే ఉంది."

రెండో సెట్టు గెలిచింది. మూడోది ఏడు–అయిదుతో ఓడింది. క్లబ్బు దిగిపోయింది. షిమె తప్పంతా గాలి మీదికి తోశాడు, అందరూ ఒప్పుకున్నారు.

సాయంత్రం వింకా మూడు రాకెట్లూ తెచ్చి తండ్రి బల్ల మీద పెట్టింది. టొంచి ఒక్కొక్కటే తూచి, గ్రాములు కాగితం ముక్క మీద రాసి, పిడికి అంటించి ఆమెకిచ్చాడు. ముప్పై ఏళ్లలో ఎవరికీ ఇవ్వని కాగితం అది. చదువుతున్నంతసేపూ ఆమె చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"కూర్చో నాన్నా," అంది వింకా, "నేనింకో ఏడు ఆడతాలే."

టొంచి కూర్చున్నాడు.