సీటు కింద సుద్దతో రాసిన పేరు

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి కావలికి వచ్చినప్పుడు, వెంట తెచ్చిన పెద్ద కాగితమొకటి మా భోజనాల బల్ల మీద పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి నన్ను పిలిచింది. విమానాల్లో సీట్లు ఎక్కడెక్కడ ఎలా అమర్చాలో నిర్ణయించే ఆఫీసులో ఆమె పనిచేస్తుంది. అది రాబోయే ఒక కొత్త విమానం లోపలి నమూనా. పడకలా వాలే పెద్ద సీట్లు మునుపటికంటే ఎక్కువ పెట్టారట, వాటి వెనక కాస్త విశాలమైనవి కొన్ని, ఆ వెనక మనలాంటివాళ్ళవి. ముందు పెద్ద సీట్లు పెరిగినా వెనకవాళ్ళ మోకాళ్ళకు చోటు తగ్గకూడదని సీట్ల వీపులు పలచన చేశామత్తా అని ఆమె చెబుతుంటే, నాకు ఆ కాగితం పోయి, మా నాయన షెడ్డు నేల మీద ముగ్గుపిండితో గీసిన గీతలు కళ్ళముందుకు వచ్చాయి.

మా నాయన బస్సులకు బాడీలు కట్టే మేస్త్రీ. కావలిలో హైవే పక్కనే ఆయన షెడ్డు ఉండేది. ఇంజనూ, చక్రాలూ, అడుగు చట్రమూ మాత్రమే ఉన్న బండి లోపలికి వస్తే, రెండు మూడు నెలల తర్వాత కిటికీలతో, సీట్లతో, రంగులతో నిండు బస్సయి బయటికి పోయేది. సీట్లు బిగించేముందు ఆయనకొక అలవాటుండేది. బస్సు ఎంత ఉంటుందో అంతా నేల మీద ముగ్గుపిండితో గీసి, సీటు రావలసిన ప్రతి చోటా ఒక బల్ల వేసి, వీధిలో పోయేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టేవాడు. చంకలో బిడ్డ ఉన్న తల్లి, ఒళ్ళో నిమ్మకాయల సంచి పెట్టుకున్న మనిషి, పొడుగాటి పోలీసు, ఎవరైనా సరే. వాళ్ళు నవ్వుతూ కూర్చుంటే ఆయన ముఖాల వైపు చూడకుండా మోకాళ్ళనే చూసుకుంటూ తిరిగేవాడు. మోకాలికీ ముందు సీటుకూ మధ్య తన నాలుగు వేళ్ళు పట్టకపోతే ముగ్గు చెరిపి మళ్ళీ గీసేవాడు. చూసేవాళ్ళకు అదొక పిచ్చిలా ఉండేది కానీ, ఆయన కట్టిన బస్సెక్కినవాళ్ళు మరో బస్సుకు చెయ్యెత్తేవాళ్ళు కాదు.

చదువు ఆగిపోయాక ఆ షెడ్డులోనే రెక్సిన్ కుట్టే మిషను మీద నేను కూర్చున్నాను. అంతమంది మగవాళ్ళ మధ్య ఆడపిల్ల పనిచేయడం మా అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. ఎవరైనా ఒక్క మాట అన్నారంటే ఆ రోజుతో సరి, ఇల్లు కదలకూడదని నాయన ఎదుటే అమ్మ నాకు షరతు పెట్టింది. సీట్లలో కూరే కొబ్బరి పీచు వాసన, కొత్త రెక్సిన్ వాసన, మిషను చప్పుడు నాకు అప్పటికే ప్రాణమైపోయాయి. అందుకే ఎవరూ ఏ మాటా అనకుండా చూసుకుంటూ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టేదాన్ని.

అలాంటి రోజుల్లో గూడూరు బస్సు యజమాని ఒకాయన వచ్చి, మద్రాసు పోయే బస్సు కట్టమన్నాడు. ముందు మూడు వరసలూ వెనక్కి వాలే పెద్ద సీట్లు కావాలి, మొత్తం సీట్లు మాత్రం తగ్గకూడదన్నాడు. మా నాయన రెండు రోజులు ఆలోచించి, వెనక సీట్ల వీపుల్లో పీచు తగ్గించి, పలకలు పెట్టి, పలచగా చేసి చోటు మిగిల్చాడు. మీలో ఆ కాలపు బస్సులెక్కినవాళ్ళకు ఆ పలచటి వీపులు గుర్తుండే ఉంటాయి. వెనక వరసల కొలత తాను చూసుకుని, ముందు పెద్ద సీట్ల పని నా మీద వదిలాడు. నేను పొంగిపోయాను. రెండు పక్కలా మోచేతులు ఆనించుకోవడానికి కుర్చీకున్నట్టు మెత్తటి చేతులు పెట్టి, ఎర్ర రెక్సిన్ తొడిగి, కుర్చీలంటే ఇవీ అన్నట్టు తయారుచేశాను. కూర్చోబెట్టి చూడాలి కదా, పెద్ద సీట్లలో పెద్దవాళ్ళే కూర్చుంటారని, కాలేజీలో పాఠాలు చెప్పే ఇద్దరిని పిలిపించాను. ప్యాంట్లూ బూట్లూ వేసుకున్న వాళ్ళిద్దరూ కాళ్ళు కిందికి పెట్టుకుని దర్జాగా కూర్చుని, బ్రహ్మాండమన్నారు.

బస్సు తీసుకుపోయే రోజున యజమాని తన తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. కొత్త బస్సులో మొదటి సీట్లో ఇంటి పెద్దావిడ ముందుగా కూర్చోవడం వాళ్ళ ఆనవాయితీ. హారతి పళ్ళెంతో మా అమ్మ కూడా నిలబడి ఉంది. ఆ పెద్దావిడ ఎక్కి, సీట్లో కూర్చుని, అలవాటు ప్రకారం కాళ్ళు పైకి ముడుచుకోబోయింది. నేను పెట్టిన చేతులు రెండు పక్కలా అడ్డం వచ్చాయి. ఇటు తిరిగింది, అటు తిరిగింది, చివరికి లేచి నడుచుకుంటూ పోయి వెనక పొడుగాటి సీట్లో మఠం వేసుకుని కూర్చుంది.

"నాకు ఈడే బాగుండాది నాయనా. ఆడ గంపలో కూర్చోబెట్టినట్టుండాది" అన్నది.

పెద్ద సీట్లకు డబ్బు పెట్టగలిగినవాళ్ళు మా వైపు ఎవరు? వరి పండించే రైతులూ, వాళ్ళ తల్లులూ. కాళ్ళు ముడుచుకోకుండా గంటసేపు కూర్చోలేనివాళ్ళు. పుట్టి పెరిగిన ఊళ్ళో నాకు ఆ సంగతి తోచలేదు. రేపటికి సరిచేయకపోతే వేరే షెడ్డుకు తోలుకుపోతానని యజమాని అన్నాడు. మా అమ్మ నా వైపు చూసిన చూపుతో నా పని అయిపోయిందనుకున్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అయినా ఆ పూటే కుట్లన్నీ విప్పేసి, చేతులు ఊడదీసి, తలుపులకు వేసే మడతబందులు వేస్తే పైకి లేస్తాయి కదా నాయనా అని అడిగాను. ఆయన బందులు వెతకడానికి లేచాడు. మర్నాడు ఆ పెద్దావిడ సీటు చేతిని పైకి లేపి, కాళ్ళు ముడుచుకుని, హాయిగా వెనక్కి వాలి, ఇది ఎవరి పనని అడిగింది.

"మా అమ్మాయిదమ్మా. తప్పు చేసినదీ తనే, దిద్దినదీ తనే" అన్నాడు నాయన.

షెడ్డులో ఎవరు చేసిన సీటు కింద వాళ్ళ పేరు సుద్దతో రాసుకునేవాళ్ళు, తేడా వస్తే ఎవరిదో తెలియాలని. నేను కుట్టిన వాటి కింద అప్పటిదాకా నాయన పేరే ఉండేది. బస్సు కదిలేముందు ఆయన వెల్లకిలా పడుకుని, మొదటి సీటు కింద తన పేరు తుడిచి, నా పేరు రాశాడు. మరునాడు పొద్దున మా అమ్మ తన షరతు పక్కనపెట్టి, షెడ్డుకు పోయే మా ఇద్దరికీ, నాయనకూ నాకూ, కలిపి క్యారియరు కట్టింది.

మొన్న మా మేనకోడలు పట్టుబట్టి బెంగళూరు తీసుకుపోయి, విమానం లోపలి భాగాన్ని ఉన్నదున్నట్టు చేసి పెట్టిన గదిలోకి నడిపించింది. వాళ్ళూ రకరకాల మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టి చూస్తారట, మోకాళ్ళు కొలుస్తారట. వినగానే మనసు నిండిపోయింది. పెద్ద సీట్లో చెప్పులు వదిలి కాళ్ళు ముడుచుకోబోతే, ఆమె ఏదో నొక్కింది, సీటు పక్కనున్న చెయ్యి చప్పుడు లేకుండా కిందికి దిగిపోయింది. ఎంత చక్కటి కుట్టు, ఎంత ఓపిక. మా నాయన చూసి ఉంటే ముగ్గుపిండి చేత్తోనే ఆ పిల్ల తల నిమిరేవాడు.

మీ పేరు ఎక్కడ రాసుకుంటారమ్మా అని అడిగాను. ఎక్కడా రాయమత్తా, ఇది వందలమంది పని కదా అని నవ్వింది. ఆ మాటా నిజమే. షెడ్డు పోయింది, ఆ బస్సు ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయింది, నా పేరున్న పలక ఏ పొయ్యిలోకి పోయిందో. ఆమె ఫోను మాట్లాడుతూ అటు తిరిగినప్పుడు, నేను సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, సుద్ద లేని చూపుడువేలితో, తడుముకుంటూ, ఒక్క అక్షరమూ వదలకుండా మా మేనకోడలి పేరు రాశాను.