కసువు ఎత్తే మా అమ్మ, కిటికీ దగ్గర అవ్వ

మా చిన్నప్పుడు... తమిళనాడు కోవిల్‌పట్టిలో ఇంకా తెల్లారకముందే మా అమ్మ పొరక చంకన పెట్టుకుని బయలుదేరేది. నాలుగు డ్రమ్ముల తోపుడుబండి, మెడలో ఈల... ఈల వినగానే ఇళ్ళవాళ్ళు బుట్టలు వాకిట్లో పెట్టి, అమ్మ దగ్గరికి వచ్చేలోపు లోపలికి పోయేవారు. అమ్మది మునిసిపాలిటీలో కసువు ఎత్తే పని. కసువంటే మా ఇంటి మాటలో చెత్త.

ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం... మాది నోటి తెలుగే, చదవడం రాయడం ఎవరికీ రాదు. ఈ అక్షరాలు నేను పెళ్ళయ్యాక ఫోనులో చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే తిట్టుకోకండి.

అమ్మ ఊడ్చే వీధిలో ఒక మేడ ఇల్లు ఉండేది. పుదూరు వైపు నల్లరేగడి భూములున్న రైతు కుటుంబం, పిల్లల చదువుల కోసం పట్నం వచ్చారు. వాళ్ళ ఇంట్లో మాటా తెలుగే. కులం మాత్రం వేరు. ఎంత వేరో చెప్పాలంటే, అమ్మకు మంచినీళ్ళు కావాలంటే దోసిట్లో పోసేవారు.

ఆ ఇంట్లో ఒక అవ్వ... పాపం, ఆమెకు పట్నంలో పొద్దుపోయేది కాదు. తెలుగులో పిలిస్తే మనవలు తమిళంలో బదులిచ్చేవారట. అందుకే బండి రాగానే కిటికీ దగ్గర నిలబడేది. మిరపకు తెగులు, పత్తికి వాన చాలకపోవడం, పట్నంలో సజ్జ సంకటి దిక్కులేకపోవడం... ఎన్ని కబుర్లో. అమ్మ ఊడుస్తూనే ఊ కొట్టేది. ఇంటికొచ్చి మాకవన్నీ మళ్ళీ చెప్పేది. ఆ వీధి మొత్తంలో అమ్మను మనిషిగా పలకరించేది ఆమె ఒక్కతే. ఆ ఇంటి ముందు అమ్మ ఒకటికి రెండుసార్లు ఊడ్చేది.

ఒకసారి శుభ్రంగా ఉన్న వీధికి బహుమతి అన్నారు. ఇక చూడండి హడావుడి... గోడలకు సున్నం, గేట్లకు రంగు, ఒకరిని మించి ఒకరు ముగ్గులు. వారం పాటు కాలువ అంచుల్లో గడ్డి పీకిందీ, మూల మీద చెత్త వేసే కుప్పతొట్టి కడిగిందీ అమ్మ. చూడ్డానికి మునిసిపాలిటీ పెద్దవాళ్ళు వచ్చిన రోజు నాకు స్కూలు లేదు. అమ్మ కాఫీ తాగకుండా వెళ్ళిందని చెంబులో తీసుకెళ్ళాను.

వీధి ఆడవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని ఆ మేడ ముందు నిలబడ్డారు. అవ్వ కూడా అరుగు మీద కూర్చుంది. అమ్మకు ఏం సంతోషమో... రోజూ మాట్లాడే మనిషే కదా అనుకుంది, పిచ్చిది. నలుగురిలో ఉన్నామన్న సంగతి మరిచిపోయి, మన మాటలోనే గట్టిగా పిలిచింది.

"అవ్వా, నీ వాకిలి చూడు... అద్దం మాదిరి చేసినాను."

ఎదురింటి ఆమె ఆశ్చర్యపోయింది. ఆమెకేం తెలుసు, వాళ్ళు తమిళులు. నవ్వుతూనే అవ్వను అడిగింది, ఇద్దరిదీ ఒకే భాషలా ఉందే, ఈమె మీ వాళ్ళేనా అని.

అవ్వ ముఖం మాడిపోయింది. తమిళంలో అంది.

"అది కుప్ప తీసేది. ఏం వాగుతుందో నాకేం అర్థమవుతుంది?"

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ నవ్వింది... అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నవ్వి, బండి తోసుకుంటూ పక్క సందులోకి తిరిగింది. కాఫీ చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ అవ్వ మర్నాడు కిటికీ తెరవలేదనుకుంటున్నారా? తెరిచింది. ఎవరూ లేని వేళ చూసుకుని, ఏమీ జరగనట్టు, ఊళ్ళో వాన పడిందే అని తెలుగులో మొదలుపెట్టింది. అమ్మ తలెత్తలేదట. "బుట్ట పెట్టండమ్మా" అందట, తమిళంలో.

ఆ వారంలోనే మేస్త్రిని బతిమాలి అమ్మ వేరే పనికి మారింది. దొరికింది మార్కెట్టు వెనక కాలువ పని. మోకాలి లోతు బురద. అయినా ఆ వీధికి మళ్ళీ పోలేదు. మాకు మాత్రం ఒకటే మాట చెప్పింది.

"బయట మన మాట మాట్లాడొద్దు పాపా. ఇంట్లోనే పెట్టుకో."

పెట్టుకున్నాను... నా పిల్లలకు కూడా నేర్పనంత భద్రంగా.

ఇప్పుడు విరుదునగర్‌లో ఉంటున్నాం. అమ్మ మాతోనే ఉంది. మా వీధికి బ్యాటరీ బండి పాట పెట్టుకుని వస్తుంది. పోయిన నెల బండితో ఒక కొత్త పిల్ల వచ్చింది. ఫోనులో తన బిడ్డతో తెలుగులో మాట్లాడుతోంది, అన్నం తినేసి బడికి పొమ్మని. పక్కింటి అక్క నావైపు తిరిగి, ఇదేం భాష, నీకు తెలుసా అంది. ఊరికే అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ఉలిక్కిపడ్డాను.

"తెలియదక్కా" అన్నాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ. కీరాకు, అదే ఆకుకూర, తుంచుతూ కూర్చుంది. అంతా వింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, నన్ను దాటుకుని గేటు దాకా నడిచింది. అన్నేళ్ళ తర్వాత వీధిలో నిలబడి, మన మాటలో, అందరికీ వినబడేలా అడిగింది.

"ఏ ఊరమ్మా నీది?"

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నరికుడి పక్కన పెద్దమ్మా అంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పక్కింటి అక్క వాళ్ళను చూసింది, తర్వాత నన్ను చూసింది. అమ్మ లోపలికొచ్చి మళ్ళీ కీరాకు ముందేసుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మూలమూలకీ కుప్పతొట్లు లేవు, కంపు లేదు, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు... వీధులన్నీ బాగుపడ్డాయి. మా అమ్మను కాదన్న నోరు ఒకప్పుడు ఆ అవ్వది, ఇప్పుడు నాది.

మీరు మీ ఇంటి మాటను ఎవరి ముందు దాచారు? ఇక్కడ రాయండి... నేనైతే రాసేశాను.