తీసుకోని కాగితం

మొన్న పొద్దున మా పక్కింట్లో కొత్తగా కిరాయికి దిగిన అమ్మాయి, రిజిస్టరు పోస్టు తెచ్చిన పోస్టుమ్యాన్ ముందు చేతులు వెనక్కి పెట్టుకొని, మా ఆయన ఇంట్లో లేడు, వచ్చాక చూద్దామని నసుగుతుంటే, మనకు సంబంధం లేని వాటిలో తలదూర్చకూడదని తెలిసి కూడా నేను గడపలోంచే గట్టిగా, "సంతకం వెట్టి తీస్కో బిడ్డా. లోపల ఏమున్నా సరే, ముందుగాల తీస్కో" అన్నాను. ఆ అమ్మాయి నావైపు వింతగా చూసి, తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. అది ఏదో ఇన్సూరెన్సు కాగితమని తర్వాత తెలిసింది, నేను ఉత్త పుణ్యానికి అరిచినవాడినయ్యాను. అయినా నా ఈడువాళ్లు, ముఖ్యంగా బోధన్ చుట్టుపక్కల చెరుకును నమ్ముకొని బతికి నడి వయసులో పని పోగొట్టుకున్నవాళ్లు, నా గొంతు అంతగా ఎందుకు లేచిందో చెబితే అర్థం చేసుకుంటారని నా ఆశ.

బోధన్‌కు కొంచెం ఎడంగా ఉన్న ఓ చిన్న ప్రైవేటు చక్కెర మిల్లులో నేను ఇరవై రెండేళ్లు కాంటా గుమాస్తాగా పనిచేశాను. చెరుకు బండి లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం, ఖాళీగా పోయేటప్పుడు ఒక తూకం, రెంటికీ మధ్య తేడా రాసి కిటికీలోంచి రైతు చేతికి చిట్టీ ఇవ్వడం నా పని. సీజనులో రెంజల్ నుంచి, అవతల మహారాష్ట్ర ఊళ్ల నుంచి వచ్చిన బండ్లు రోడ్డు పొడుగునా నిలబడేవి, తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసిన తిట్లు తెల్లవార్లూ వినిపించేవి, ఆ పచ్చి చెరుకు వాసనకు మా ఇళ్లలో బెల్లం వాసన కూడా తెలిసేది కాదు. ఒకసారి రెంజల్ రైతు ఒకాయన, చెత్త కింద తూకం ఎక్కువ కోశారని కోపం వచ్చి, చిట్టీ నా కిటికీ దగ్గరే పారేసి పోయాడు. పైసలు పంచేనాటికి ఆయన పేరు లేదు. మూడుసార్లు మిల్లు చుట్టూ తిరిగాడు. చివరికి నేనే పాత చిట్టీల నకళ్లు తిరగేసి ఆయన లెక్క తేల్చాను గానీ, అంతకుముందు ఆయన్ను ఎండలో నిలబెట్టి, కోపం ఎవరి మీద ఉన్నా కాగితం మాత్రం వదిలిపెట్టకూడదని పెద్ద ఉపన్యాసమే దంచాను. నా అంత తెలివిగలవాడు ఆ తాలూకాలో లేడని ఆ రోజు నా నమ్మకం.

క్రెడిట్ కార్డు కూడా ఆ మిల్లులో ఉండగానే వచ్చింది. చెరుకు క్రషింగ్ మొదలయ్యే ముందు ఒక రోజు, మెడలో టై కట్టుకున్న పిల్లవాడు ఒకడు మా క్యాంటీన్‌కు వచ్చి, జీతం చిట్టీ ఉన్న ప్రతివాళ్లకూ కార్డు ఇస్తామంటే, గ్రూపు ఫొటోకు నిలబడ్డట్టు అందరం వరుసగా నిలబడి సంతకాలు పెట్టాం. ఏం సంతకం పెట్టామో చదివినవాడు ఒక్కడూ లేడు. రెండేళ్లు అది నా పర్సులో దేవుడి బొమ్మ వెనక ఊరికే పడి ఉంది. మిల్లు నష్టాలంటూ మూతపడ్డాకే దాని అవసరం పడింది. మా ఇంటామెకు పిత్తాశయంలో రాళ్లని నిజామాబాద్‌లో ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది, కౌంటరు దగ్గర అడ్వాన్సు కట్టందే లోపలికి తీసుకోమన్నారు, నేను కార్డు తీసి ఇచ్చాను. ఆ క్షణంలో దాన్ని కళ్లకద్దుకున్నాను, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ తర్వాత పని దొరకలేదు. యాభై దాటిన కాంటా గుమాస్తాను ఎవరు పెట్టుకుంటారు? నిజామాబాద్ పసుపు మార్కెట్టులో అడిగాను, రైసుమిల్లుల్లో అడిగాను, తూకం ఇప్పుడు కంప్యూటరే చూసుకుంటుందన్నారు, ఒకచోట రాత్రి కాపలాకు రమ్మని, నా మోకాళ్లు చూసి అదీ వద్దన్నారు. మిల్లు మాకు పద్దెనిమిది నెలల జీతం బాకీ పడింది, దాని మీద హైదరాబాద్‌లో కేసు వేశాం, అది రేపోమాపో తేలుతుందన్న ధైర్యంతో కార్డు మీదే మందులు, కార్డు మీదే కిరాణా. బిల్లులో కనీసం ఇంత కడితే చాలని ఒక చిన్న అంకె వేసేవాళ్లు, ఆ చిన్న అంకె కడుతూ నేను అప్పు తీరుస్తున్నాననే అనుకున్నాను. ఎన్ని వేల బండ్లు తూచినవాడినో, ఈ ఒక్క తూకంలో మోసపోయాను. అది కూడా కట్టలేకపోయినప్పటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వారానికొక గొంతు, వారానికొక పేరు. ఒకాయన సార్ అని మొదలుపెట్టి రెండు నిమిషాల్లో నువ్వులోకి దిగేవాడు. ఎదురుగా ఉంటే కాళ్లో గడ్డమో పట్టుకొని నాలుగు నెలలు గడువు అడిగేవాడిని, ఫోనులో ఎవరి గడ్డం పట్టుకోను?

కోర్టు కాగితం వచ్చింది ఆ రోజుల్లోనే. మా పోస్టుమ్యాన్ మంచివాడు, మిల్లు నడిచే రోజుల నుంచి మమ్మల్ని ఎరిగినవాడు. కవరు మీద ముద్ర చూసి, గల్లీలో పరువు పోతుందని మాకంటే ఎక్కువ ఆయనే భయపడ్డాడు. మా ఇంటామె తలుపు సగం వేసి, "తీస్కోకుంటే కేసు ఎట్ల వడుతదన్నా? ఇల్లు తాళమేసి ఉన్నదని రాయి" అని బతిమాలింది. ఆయన రెండుసార్లు అట్లాగే రాసి పంపాడు. మూడోసారి నేను ఇంట్లో ఉండగా వచ్చి, "అన్నా, ఇగ నాతోని కాదు. తీస్కుంటవా, వద్దన్నవని రాయాల్నా?" అని అడిగాడు. రెంజల్ రైతుకు ఎండలో పాఠం చెప్పిన ఈ పెద్దమనిషి, వద్దన్నానని రాయమన్నాడు. రాసి, ఆయన సైకిలెక్కి పోయాక, మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చినట్టయి చాయ్ పెట్టుకొని తాగాం. ఇప్పటికీ ఆ చాయ్ గుర్తొస్తే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడాది తిరిగేలోపు ఒక మధ్యాహ్నం కోర్టు అమీన్ వచ్చి, రెండు గదుల మా ఇంటిని జప్తు చేస్తున్నట్టు నోటీసు తలుపుకు అంటించి పోయాడు. అది మిల్లులో అప్పు తీసుకొని కట్టుకున్న ఇల్లు, మాకు ఈ భూమి మీద ఉన్నది అదొక్కటే. ఏ గల్లీకి తెలియకూడదని కవరు తిప్పి పంపామో ఆ గల్లీ అంతా వచ్చి మా తలుపు చదివింది. నోటీసు చింపే ధైర్యం లేక, మా ఇంటామె తల వంచుకొని ఆ తలుపులోంచే నీళ్లకు పోయి వచ్చేది.

నిజామాబాద్‌లో ఒక వకీలును పట్టుకుంటే, ఆయన కాగితాలన్నీ చూసి తల పట్టుకున్నాడు. వద్దని రాయిస్తే ముట్టినట్టే లెక్కట, నేను రాలేదు కాబట్టి బ్యాంకు అడిగింది అడిగినట్టు కోర్టు ఇచ్చేసిందట. "నువ్వొచ్చి నిలవడితె వడ్డీ మీద కొట్లాడేటోళ్లం గద నాయినా. నీ అంతట నువ్వే గెల్పిచ్చినవు వాళ్లను" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది, జాలిగా అన్నాడు. మొత్తానికి ఆయనే దరఖాస్తు వేసి, జడ్జిగారు మళ్లీ వినేలా చేశాడు.

జడ్జిగారు నాకు కూతురయ్యే వయసున్న ఆడమనిషి. ఏమైనా చెప్పుకుంటారా అని అడిగింది. వకీలు వద్దని సైగ చేస్తున్నా వినకుండా, మిల్లు నాకు పద్దెనిమిది నెలల జీతం ఇయ్యాలని, అందులో సగం వచ్చినా ఈ అప్పు తీరి ఇంకా మిగులుతుందని, ఆ పైసలు ఇప్పించి ఇందులో కోసుకోమని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ అది వేరే కేసు. అందులో నేను చేయగలిగింది లేదు" అంది. బ్యాంకు తరఫున వచ్చిన కుర్ర వకీలు కూడా తల దించుకున్నాడు. అందరూ మంచివాళ్లే. కోపం తెచ్చుకుందామంటే ఆ హాలులో నాకు ఒక్క మనిషి దొరకలేదు.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. సిరికొండలో పసుపు పండించే మా బావమరిది, ఆ ఏడు పంట అమ్మిన పైసల్లోంచి తెచ్చి ఇచ్చాడు, ఆయనకు ఇంకా తీరుస్తూనే ఉన్నాను. ఇల్లు నిలిచింది, నేను ఇవ్వాల్సింది మొదటి కాగితం నుంచి చివరి రసీదు దాకా రెండేళ్లలో వసూలైపోయింది. అంత చురుకుగా నడిచే కోర్టులు మన దేశంలో ఉన్నాయని అందాకా నాకు తెలియదు.

మా జీతాల కేసు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. మొదట్లో నలభై మందిమి ఒకే బస్సులో సద్ది కట్టుకొని హైదరాబాద్ పోయేవాళ్లం. మాలో ఒకరు చనిపోతే వారసుల పేర్లు ఎక్కించాలని ఒక వాయిదా, ఆ వారసులు ఎక్కేలోపు ఇంకొకరు పోతే మరో వాయిదా. ఇప్పుడు పోయేది ఏడుగురం. ఒకప్పుడు సీజను మొదలయ్యే రోజు మిల్లు గేటు దగ్గర టైంకీపర్ నిలబడి మా పేర్లు చదివేవాడు, ఎవడి పేరుకు వాడు ఆఁ అని అరిచి, ఇంకో ఏడాది బతుకుకు ఢోకా లేదని నవ్వుకుంటూ లోపలికి పోయేవాళ్లం. కోర్టులోనూ అవే పేర్లు చదువుతారు. మా క్రేన్ డ్రైవరు పేరు, పాకం వండే పెద్దాయన పేరు, నాతో పాటు కాంటా చూసిన, నేను తమ్ముడని పిలిచిన గుమాస్తా పేరు. జవాబు రాక బంట్రోతు మళ్లీ మళ్లీ పిలుస్తుంటే వినలేక, ఒక్కొక్క పేరుకూ నేనే లేచి నిలబడి, చనిపోయాడండీ అని చెప్పి కూర్చుంటున్నాను.