ఏడు ఫ్లాపీల అచ్యుతరామయ్య గారు

కంప్యూటర్ స్టార్ట్ చేయడమంటే మనకు ఒక బటన్ నొక్కడం. అచ్యుతరామయ్య గారికి అది సత్యనారాయణ వ్రతం. మధ్యలో లేచి వెళ్ళినవాడికి ఎలాంటి గతి పట్టిందో చెప్పడానికి ఆయన దగ్గర కథలు కూడా ఉండేవి. అయిదుగురు వెళ్ళిపోతే అయిదు కథలు.

ఆయన యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక కంప్యూటర్ ల్యాబుకు ఇన్‌ఛార్జి. ల్యాబు నిండా కొత్త కంప్యూటర్లున్నా ఆయన ప్రాణం మాత్రం మూల బల్ల మీది అటారి పెట్టెలో ఉండేది. పాతికేళ్ళ కిందట ఇళ్ళల్లో పిల్లలు టీవీకి తగిలించుకుని ఆటలాడుకున్న కంప్యూటర్ అది. ఆటలు తప్ప ఇంకేమీ ఎరగని దాని నెత్తిన ఆయన మినిక్స్ అని, యూనిక్స్ జాతి సిస్టం ఒకటి పెట్టారు. దానికి హార్డ్ డిస్కు లేదు. కరెంటు తీయగానే పుట్టుపూర్వోత్తరాలు మరచిపోతుంది. మర్నాడు మళ్ళీ ఏడు ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి తినిపిస్తే తప్ప తానెవరో దానికి తెలియదు. అంతా సవ్యంగా జరిగితే నలభై నిమిషాలు పడుతుంది. సవ్యంగా జరగడం మొగిలి ఎప్పుడూ చూడలేదు.

మొగిలి ఎం.సి.ఎ. ఆఖరి సంవత్సరం. జనగామ పక్క పల్లె నుంచి వచ్చాడు. మొదటిసారి ల్యాబుకు వెళ్ళింది ఒకే ఒక్క కాగితం ప్రింటు తీసుకోవడానికి.

"సార్, ఒక పేజీ ప్రింటు గావాలె."

"కూర్చోవయ్యా. ఇప్పుడే రెండో ఫ్లాపీ పెట్టాను."

"నా ప్రింటుకు, దానికి ఏం సంబంధం సార్?"

"ఏ సంబంధమూ లేదు. ఇది లేచేటప్పుడు గదిలో మనిషి కదలకూడదు, అంతే."

మొగిలి నిర్ఘాంతపోయాడు. ఫ్యాన్లు ఆపించారు. సెల్‌ఫోన్లన్నీ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బకెట్లో వేయించారు. టీవీ తెర మీద అంకెలు పెరుగుతుంటే అచ్యుతరామయ్య గారు వాటిని పైకి చదువుతూ కూర్చున్నారు. నూట ఎనభై దగ్గర వెనక బెంచీలో ఎవడో తుమ్మాడు. తెర మీద ఎర్రర్ వచ్చింది. తుమ్మినవాడికి వారం రోజులు ల్యాబులోకి ప్రవేశం లేదు. మొగిలి ఆ రోజు ప్రింటు లేకుండానే హాస్టలుకు వెళ్ళాడు.

ఫ్లాపీలు స్టీలు డబ్బాలో, పాత పంచె ముక్కలో చుట్టి ఆయన తార్నాకలోని తన ఇంటి నుంచి రోజూ తెచ్చేవారు. ఒకసారి ఆయన భార్య అరుంధతి గారు పొరపాటున పెరుగన్నం డబ్బా ఇచ్చి పంపితే ల్యాబులో అందరూ పండగ చేసుకున్నారు. ఇంట్లోనూ ఇలాంటి పెట్టెలు ఇంకో రెండున్నాయి. గ్యాస్ బండ తెచ్చినవాడు నాలుగో ఫ్లాపీ దాకా ఓపిక పట్టి, ఖాళీ బండ కూడా తీసుకోకుండా పారిపోయాడు. హబ్సిగూడ చుట్టాలు శుభలేఖను తలుపు సందులోంచి లోపలికి తోసి, ఆటో దిగకుండానే పిలిచామని ఫోన్లో చెప్పేవారు.

ఆయనది తెనాలి. ముప్పై ఏళ్ళుగా తార్నాకలో ఉంటున్నా రాష్ట్రం విడిపోకూడదనే వాదం. మొగిలిది విడిపోవాలనే వాదం. ఇద్దరూ రోజూ ఫ్లాపీకి ఫ్లాపీకి మధ్య దెబ్బలాడుకునేవారు.

"ఒక్క సిస్టం నడవాలంటేనే ఏడు ఫ్లాపీలు కలిసుండాలయ్యా. రాష్ట్రం మాత్రం ముక్కలు చేస్తారా?"

"ఏడు కలిసుంటేనే గదా సార్, రోజుకు ముప్పావుగంట ఖరాబైతున్నది."

ఈ జవాబుకు ఆయన రెండు రోజులు మొగిలితో మాట్లాడలేదు.

ఇంకో చాదస్తం కూడా ఉంది. ల్యాబుకు ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎంతసేపు ఉన్నారన్నది ప్రతి సాయంత్రం ఆ అటారిలోనే ఎక్కించి, ఏడో ఫ్లాపీలో దాచేవారు. కాగితం మీద రాస్తే చెదలు తింటాయని ఆయన భయం.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. క్లాసులు లేవు, బస్సులు లేవు. అచ్యుతరామయ్య గారు మాత్రం డబ్బా చేతపట్టుకుని తార్నాక నుంచి నడిచొచ్చి ల్యాబు తెరిచేవారు. ఒక సోమవారం మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు మొగిలి ల్యాబు ప్రింటరు మీద అయిదు వందల జై తెలంగాణ కరపత్రాలు కొట్టాడు. మర్నాటికి అవి తార్నాక చౌరస్తా నుంచి సీతాఫల్‌మండి దాకా గోడలెక్కాయి. ఆ మత్తు దిగాక మొగిలికి చెమటలు పట్టాయి. అతనికి అప్పటికే రైల్వేలో ఉద్యోగం వచ్చింది. పోలీసు ఎంక్వయిరీ ఒక్కటే మిగిలింది. ఒక్క కేసు పడిందంటే ఉద్యోగం గోవిందా. ఇప్పటికే ఊళ్ళో తల్లి ఈరమ్మ కనిపించిన వాళ్ళందరికీ కొడుకు రైలు నడుపుతాడని చెబుతోంది. క్లర్కు ఉద్యోగమని ఎంత చెప్పినా వినడం లేదు.

మూడో రోజు పొద్దున ఇన్‌స్పెక్టర్ రాజలింగం ఇద్దరు కానిస్టేబుళ్ళతో ల్యాబులోకి వచ్చాడు. చేతిలో కరపత్రం ఉంది. గదిలో అచ్యుతరామయ్య గారు, మొగిలి మాత్రమే ఉన్నారు.

"సార్, ఇది మీ ప్రింటరు మీదనే కొట్టిన్రు. సోమవారం పగటీలి గీడికి ఎవరొచ్చిన్రో లిస్టు ఉన్నదంట గదా."

మొగిలి తలుపు వైపు చూశాడు. సోమవారం సాయంత్రం ఆయన తన పేరు టైపు చేయడం కళ్ళారా చూశాడు.

"భేషుగ్గా ఉంది. స్టార్ట్ చేస్తాను, కూర్చోండి," అన్నారు అచ్యుతరామయ్య గారు. "ఫోన్లు బకెట్లో వేయండి. ఆ టోపీ కూడా తీయండి, దానిమీద లోహం ఉంది."

రాజలింగం తెల్లబోయి టోపీ తీశాడు. మొగిలి మాత్రం లోలోపల మండిపోయాడు. రోజూ దెబ్బలాడినా మనవాడే అనుకున్న మనిషి, అడగ్గానే చేతులారా పట్టిస్తున్నాడు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

మొదటి ఫ్లాపీ. ఫ్యాన్లు ఆగాయి. రెండో ఫ్లాపీ. బకెట్లో ఫోన్లు మోగుతున్నాయి. మూడో ఫ్లాపీలో ఎర్రర్.

"ఎవరో కాలు కదిపారు. మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి."

"నేను కదపలే సార్," అన్నాడు ఒక కానిస్టేబులు బెదిరిపోయి.

గంట దాటింది. అయిదో ఫ్లాపీ తర్వాత సిస్టం తేదీ, టైము అడిగింది. అచ్యుతరామయ్య గారు సెకన్లతో సహా కావాలన్నారు. ముగ్గురు పోలీసుల గడియారాలూ మూడు టైములు చూపించాయి. ఏది సరైందో తేలేసరికి పావుగంట అయింది, ఈలోగా టైము మారిపోయింది. రాజలింగం చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"ఇంకెంతసేపైతది సార్?"

"మాట్లాడకండి. ఆరోది కాస్త సున్నితం."

రెండు గంటలు గడిచాక ఏడో ఫ్లాపీ లోపలికి వెళ్ళింది. మొగిలి కళ్ళు మూసుకున్నాడు. మినిక్స్ ఎన్నడూ లేవకూడదని కోరుకోవడం అతనికి కొత్త కాదు గానీ, ఇంత భక్తిగా కోరుకోవడం మాత్రం అదే మొదలు. అది లేచింది. లిస్టు తెర మీదికి వచ్చింది. సోమవారం ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా ఒకే ఒక్క పేరుంది.

"అచ్యుతరామయ్య అంటే..."

"నేనే."

రాజలింగం తెర వంక, ఆయన వంక, కరపత్రం వంక మార్చి మార్చి చూశాడు.

"ఇది మీరు కొట్టిన్రా? జై తెలంగాణ అని?"

"లిస్టులో ఇంకెవరూ లేరు కదండీ."

"మీదేడ సార్?"

"తెనాలి."

రాజలింగం కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా టోపీ పెట్టుకున్నాడు. "తెనాలాయన, అరవై ఏండ్లకు దగ్గరొచ్చినాయన, తెలంగాణ గావాలని కరపత్రం కొట్టిండని నేను కేసు రాస్తే, స్టేషన్ల నన్ను పిచ్చాసుపత్రికి తోలుతరు. మీకు దండం సార్. మళ్ళొకసారి దాన్ని స్టార్ట్ జెయ్యకున్రి." కానిస్టేబుళ్ళు అప్పటికే వరండా దాటేశారు.

మొగిలి తెర దగ్గరికి వచ్చాడు. "సార్, నా పేరు ఎప్పుడు తీసిన్రు?"

"మంగళవారం. మా గేటు మీదే అంటించావు కదయ్యా. చూడగానే వచ్చి మార్చాను."

"మార్చినంక గింతసేపెందుకు సార్? జల్ది చూపిస్తే అయిపోవు గదా."

"ఓపికున్నవాడు పది ప్రశ్నలడుగుతాడు. వాడికి ఒక్క ప్రశ్నకు సరిపడా ఓపికే మిగల్చాను. మూడో ఫ్లాపీ ఎర్రర్ నేను తెప్పించిందే."

"మరి మీరు తెలంగాణ వద్దంటరు గదా."

"ఇప్పటికీ వద్దనే అంటాను. అది వేరు, నీ ఉద్యోగం వేరు."

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. తెనాలి సారు తెలంగాణ కరపత్రం వేశారన్న వార్త క్యాంపస్ అంతా పాకింది. కానిస్టేబుళ్ళ నోరు ఊరుకోదు కదా. పొద్దున్నే విద్యార్థులు డప్పులతో తార్నాక వెళ్ళి, ఆయన మెడలో దండ వేసి, తెచ్చి రిలే నిరాహార దీక్ష టెంటులో మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. కాదని చెబితే మరి ఎవరు కొట్టారన్న ప్రశ్న వస్తుంది. అందుకని ఆయన నోరు మూసుకుని కూర్చున్నారు. పక్కన మొగిలి తల ఎత్తలేకపోయాడు. సిగ్గు, ప్రేమ రెండూ ఒక్కసారే ముంచెత్తితే మనిషి ఎటు చూడాలో అతనికి తెలియలేదు.

మధ్యాహ్నం తెనాలి నుంచి అరుంధతి గారి తమ్ముడు సుందరరావు ఫోన్ చేశాడు. "బావగారూ, టీవీలో దండేసుకుని మీలాంటి మనిషి కనిపిస్తున్నాడేమిటి? ఇక్కడ అందరం హడలిపోతున్నాం."

"నాలాంటి మనిషి కాదోయ్, నేనే," అని అచ్యుతరామయ్య గారు ఫోన్ పెట్టేశారు. మొగిలి వైపు వంగి చిన్నగా అడిగారు. "నీ ఎంక్వయిరీ అయి ఆర్డరు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందయ్యా?"

"పదిహేను రోజులైతది సార్."

ఆయన కాసేపు ఆలోచించి, దండ సరిచేసుకుని, కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారు.

"అయితే ఈ పదిహేను రోజులూ నాక్కూడా తెలంగాణ రావాల్సిందే. పదహారో రోజున మన వాదన మళ్ళీ మొదలెడదాం."