నెట్ తీగ పీకి విన్న గొంతు

ఈ పొద్దున పక్కింటివాళ్ళు కాఫీ పళ్ళ తొక్క తీస్తుంటే ఆ పులిసిన వాసన వచ్చింది. సుగుణ మేడమ్ గుర్తొచ్చింది. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ప్రభుత్వ బ్యాంకులో ఆమె ఉద్యోగి. డుంబ్రిగుడ దగ్గర మా ఆయన ఆ బ్యాంకు అప్పుతో కొన్న తొక్క తీసే మిషన్ పక్కన, ముక్కైనా మూసుకోకుండా నిలబడి, ఆయన మాట్లాడుతుంటే వీడియో తీసి బ్యాంకు వెబ్‌సైట్‌లో పెట్టింది ఆమే.

తర్వాత ఆయన పోయాడు. మావాళ్ళలో పోయినవాళ్ళ వస్తువులు వాళ్ళతోనే పంపేస్తాం. చొక్కా, గొడుగు, ఆఖరికి ఫోను కూడా వెళ్ళిపోయాయి. ఆయన గొంతు ఆ వెబ్‌సైట్‌లోనే మిగిలింది. ఆ బ్యాంకును ఇంకో బ్యాంకులో కలిపేస్తున్నారు, వెబ్‌సైట్ తీసేస్తారు అని తెలిసి పాడేరు ఆఫీసుకు పరిగెత్తాను. మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో పేజీనీ దాస్తోంది.

“ఏటి మేడమ్, ఆపీసు మూసేత్తే బల్లలు లారీ ఎక్కుతాయి. మరి ఇదెక్కడికెల్తాది?”

“ఎక్కడికీ వెళ్ళదమ్మా, ఆరిపోతుంది. అందుకే కాపీ తీస్తున్నా. రా, కూర్చో.”

“నాకు సదువు రాదు కదా.”

“చూడ్డం వచ్చుగా?”

ఆఫీసులో నాకు కుర్చీ లాగి వేసినవాళ్ళు అంతకుముందు లేరు. బొమ్మ ఎక్కడుంటుంది, ఎలా వస్తుంది, ఎవరు పంపుతారు, అడిగిందల్లా విసుక్కోకుండా చెప్పింది. మా పేజీ దాచాక ఉన్నట్టుండి నెట్ తీగ పీకేసింది.

“అయ్యో, బేగి పెట్టండి మేడమ్!”

“దాచింది మన దగ్గరుందో లేదో ఇప్పుడే తెలుస్తుంది. నొక్కు.”

నొక్కాను. మా ఆయన కనబడ్డాడు గానీ నోరు తెరవలేదు. మేడమ్ ముఖం వాడిపోయింది. బొమ్మ వచ్చింది, వీడియో ఇంకెక్కడో ఉండిపోయింది అంది. తీగ మళ్ళీ పెట్టి, దాన్ని వెతికి విడిగా దించింది. మళ్ళీ పీకింది. ఈసారి మిషన్ హోరులోంచి గొంతొచ్చింది: “నన్నేటి తీత్తన్నారు మేడమ్? మా ఇంటిదాన్ని తియ్యండి, పనంతా దానిదే!”

“మళ్ళీ నొక్కనా?” అన్నాను.

“ఎన్నిసార్లైనా నొక్కు,” అని నా ఫోన్‌లోనూ వేసింది.

మేడమ్ బదిలీ మీద వెళ్ళిపోయింది. నేనిప్పుడు చోళ్ళు, అదే రాగుల విత్తనం కుండలో పోసేముందు గుప్పెడు తడిపి, మొలక వస్తుందో లేదో చూస్తాను. కోడలు ఫోన్‌లో ఫొటోలన్నీ దాచేశానంటే, “దాసినావు సరే, తెరిసి సూసినావేటి?” అంటాను. మా ఊళ్ళో సిగ్నల్ అందదు. అయినా నొక్కితే ఆయన మాట్లాడతాడు.