ఫియట్ బండిలో జైనబ్ బీ

జైనబ్ బీకి రోడ్లంటే ఇష్టం పుట్టింట్లోనే పుట్టింది. ములుగులో ఆమె తండ్రి బాబా మియా లారీ నడిపేవాడు. బడి లేని రోజుల్లో కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని గజ్వేల్ దాకా, ఒక్కోసారి సిద్దిపేట దాకా తీసుకుపోయేవాడు. ఏడో తరగతితో బడి ఆగింది. లారీ ప్రయాణాలూ ఆగాయి. సిద్దిపేట నుంచి సంబంధం వచ్చి, పిల్లవాడు డ్రైవరని తెలిసినప్పుడు తల్లి మొహం ముడుచుకుంది గానీ, జైనబ్ తలుపు వెనక నుంచి ఒకే ఒక్క మాట అడిగించింది: "ఏం బండి?"

"అంబాసిడర్. కానీ షావుకారుది," అన్నాడు పెళ్లికొడుకు ఖుతుబుద్దీన్, కొంచెం చిన్నబోయి.

పెళ్లయిన మూడేళ్లకు, ఎనభై ఒకటిలో, అతను సొంత బండి కొన్నాడు. సికింద్రాబాద్‌లో ఒక రిటైరైన ఇంజనీరు అపురూపంగా వాడుకున్న ఆకాశం రంగు ఫియట్. కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. అందుకే పాత బండికి గిరాకీ ఎక్కువ. పాత బండ్ల బేరాలు కుదిర్చే కాశయ్య నెలకోసారైనా వాళ్ల గుమ్మం ముందు నిలబడి, ఫియట్ బానెట్ మీద అరచెయ్యి వేసి అనేవాడు:

"ఖుతుబ్ భాయ్, గిది బండి గాదే, భూమి. ఏటికేడు పెరుగుడే గానీ తరుగుడు లేదు. ఇయ్యాల అంటే ఇయ్యాల అమ్మిపెడత."

"భూమిని అమ్ముకుంటరా కాశన్నా?" అని నవ్వి చాయ్ తాగించి పంపేవాడు ఖుతుబుద్దీన్.

ఎనభై ఆరులో, చలికాలం, హైదరాబాద్ నుంచి కార్ల ర్యాలీ ఒకటి సిద్దిపేటకు వచ్చింది. కాలేజీ మైదానంలో మొదలై, ఇబ్రహీంపూర్ మట్టి దారుల్లో తిరిగి, గజ్వేల్, ఎర్రవల్లి, ములుగు చుట్టి సాయంత్రానికి మళ్లీ మైదానానికి చేరాలి. స్థానికులు కూడా బండి పెట్టవచ్చని చాటింపు వేశారు. ఖుతుబుద్దీన్ తన పేరు రాయించాడు. దారి చూపే పుస్తకం చదవడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలన్నారు. గడియారాలు బాగుచేసే జలాల్ ఒప్పుకున్నాడు.

తీరా ఆ ఉదయం జలాల్‌కు జ్వరం. ఖుతుబుద్దీన్ మైదానంలో తల పట్టుకుని కూర్చున్నాడు. మగడికి రొట్టెల డబ్బా ఇవ్వడానికి అప్పుడే వచ్చింది జైనబ్. బల్ల వెనక కూర్చున్న నిర్వాహకుడు, "పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే, లేకపోతే బండి కదలదు," అంటున్నాడు.

"ఎవరైనా ఫరవాలేదా సార్?" అని అడిగింది జైనబ్.

"ఎవరైనా ఫరవాలేదమ్మా."

"అయితే నేను కూసుంటా."

ఖుతుబుద్దీన్ ఆమె వైపు చూశాడు. చుట్టూ ఉన్న జనం వైపు చూశాడు. "అమ్మీకి తెలిస్తే?" అన్నాడు మెల్లగా.

"తెలిసేసరికి తిరిగొస్తం గద. లెవ్వుండి."

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. కానీ ప్రతి మలుపుకూ ఒక బొమ్మ వేసి ఉంది: రోడ్డు ఎటు చీలుతుందో గీతలు, ఎటు పోవాలో బాణం గుర్తు, పక్కన దూరం, చేరాల్సిన టైము అంకెలు. బాణం గుర్తుకు ఏ భాషా అక్కర్లేదు. జైనబ్ బుర్ఖా పై ముసుగు వెనక్కి వేసి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, జలాల్ పంపిన గడియారం చేతికి చుట్టుకుంది.

జెండా ఊపారు. ఇబ్రహీంపూర్ దాటేవరకు ఖుతుబుద్దీన్‌కు ఆమె మాట మీద నమ్మకం కుదరలేదు. ఆమె "ఎడమకు" అంటే అతను ఒకసారి కుడివైపు చూసి గానీ తిప్పేవాడు కాదు. ఒక వాగు దగ్గర ఆమె "కిందికి, వాగులకు దించుండి" అంది. ముందు పోయిన జీపు గట్టు మీద తిన్నగా పోయింది. అతను జీపు వెనకే పోయాడు. కాసేపటికి ఒకరి జొన్న చేను దగ్గర దారి ఆగిపోయింది. జీపులోవాళ్లూ వీళ్లూ మొహాలు చూసుకున్నారు. వెనక్కి తిప్పి వాగులో దిగాక, "ఇంకోసారి మాట వినకపోతే దిగి నడుస్త," అంది జైనబ్. ఆ తర్వాత అతను ఆమె చెప్పిన వైపే తిప్పాడు.

గజ్వేల్ దారిలో ఒక పల్లె దగ్గర, రోడ్డు నిండా ఉలవ కట్టె పరిచి ఉంది. పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు అలా పరుస్తారు. ఖుతుబుద్దీన్ వేగంగా దాని మీదికి పోనిచ్చాడు. కట్టె చక్రాలకూ అడుగు గొట్టాలకూ చుట్టుకుంది. సైలెన్సర్ వేడికి బండి కింద నుంచి పొగ లేచింది.

బండి ఆపి ఇద్దరూ దూకారు. ఉలవలు పరిచిన ముసలామె ఐలవ్వ బిందెతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నీళ్లు చల్లుతూ తిట్టింది, తిడుతూ చల్లింది. పొగ ఆగాక కొడవలి ఖుతుబుద్దీన్ చేతిలో పెట్టి, "పండుకో, కోసుకో," అంది. అతను బండి కింద దూరి కట్టె కోసి తీస్తుంటే, ఆమె జైనబ్ పక్కన గొంతుకూర్చుని అడిగింది:

"ఏం బిడ్డా, గంత ఉరుకుతున్నరు? ఎవలికన్న పాణం బాగలేదా? దవాఖానకా?"

"కాదవ్వా. పందెం."

"పందెమా? ఏం పెట్టిన్రు పందానికి?"

"ఏం పెట్టలే."

"మరెందుకు ఉరుకుడు?"

జైనబ్‌కు నవ్వొచ్చింది. ఆమె నవ్వుతుంటే ఐలవ్వకూ నవ్వొచ్చింది. బండి కింద నుంచి ఖుతుబుద్దీన్, "గీడ నా వీపు కాలుతుంది, మీకు నవ్వులా?" అని అరిచాడు. బయల్దేరేటప్పుడు ఐలవ్వ గుప్పెడు వేయించిన పల్లీలు జైనబ్ ఒళ్లో, పుస్తకం మీదే పోసింది.

పోయిన సమయం రాబట్టాలని ఖుతుబుద్దీన్ ప్రాణం పెట్టి నడిపాడు. ఎర్రవల్లి దాటాక జైనబ్ గడియారం చూసింది, పుస్తకం చూసింది. ఈ పందెంలో ఆలస్యమైతే ఎన్ని మార్కులు పోతాయో ముందుగా చేరినా అన్ని పోతాయని పొద్దున నిర్వాహకుడు చెప్పింది ఆమె చెవిన పడింది. ఖుతుబుద్దీన్ చెవిన పడలేదు.

"ఆపుండి," అంది.

"ఆపుడా! పిచ్చా?"

"ముందుగాల వచ్చేసినం. మలుపు అవతలనే చెకింగ్ ఉన్నది. ఇవతలనే ఆగుండి."

అతను వినలేదు. ఆమె చెయ్యి చాచి తాళం చెవి తిప్పేసింది. ఇంజను ఆగింది, బండి మెల్లగా జారి రోడ్డు వారన నిలిచింది. వెనక నుంచి రెండు కార్లు దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయాయి. ఖుతుబుద్దీన్ స్టీరింగ్ మీద రెండు చేతులతో కొట్టాడు. ఆమె తాళం చెవి పిడికిట్లో పట్టుకుని పల్లీలు తింటూ కూర్చుంది. కాసేపటికి అతనూ చెయ్యి చాచాడు. ఆమె నాలుగు పల్లీలు పెట్టింది. టైం అయ్యాక తాళం చెవి ఇచ్చింది.

ములుగులో తండ్రి ఇంటి ముందు నుంచే దారి. బాబా మియా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దుమ్ములో పోతున్న నీలం బండిలో కూతురి మొహం చూసి లేచి నిలబడ్డాడు. ఆగే వీలు లేదు. ఆమె చెయ్యి ఊపింది. ఆ పూట ఆయన ఆ అరుగు మీదనే నిలబడి, పోయే ప్రతి బండికీ చెయ్యి ఊపాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం మైదానంలో పేర్లు చదివారు. వీళ్లది నాలుగో స్థానం. కప్పులు ముగ్గురికే.

ఇల్లు చేరేసరికి అత్త షమ్షున్నీసా వాకిట్లోనే నిలబడి ఉంది. కోడలి బుర్ఖాకు అంటిన గ్రీజు చూసింది, ఎర్రమట్టి కొట్టుకున్న మొహం చూసింది, చెడామడా తిట్టింది. మర్నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆరా తీయడానికి వస్తే మాత్రం, "మా బహూ లేకపోతే నా కొడుకు గా జొన్న చేన్లనే ఉండెటోడు," అని ముక్కు ఎగరేసింది.

ఆ తర్వాత ఆ ఫియట్‌కు ఊళ్లో ర్యాలీ బండి అని పేరు పడింది. పెళ్లి ఊరేగింపులకు అదే కావాలనేవాళ్లు. ఎవరైనా "గెలిచిన బండి గదా" అంటే ఖుతుబుద్దీన్ కాదనేవాడు కాదు. జైనబ్ వింటే మాత్రం, "నాలుగో నంబరు" అని సరిచేసేది. మళ్లీ అలాంటి పందెం సిద్దిపేటకు రాలేదు. ప్రతి చలికాలం ఇద్దరూ ఈ ఏడు వస్తుందేమో అనుకునేవాళ్లు. రెండేళ్లు, మూడేళ్లు అనుకున్నారు. తర్వాత అనుకోవడం మానేశారు.

తొంభైలు వచ్చాయి. ఊరి నిండా మారుతీలు తిరగసాగాయి. చిన్నగా, చప్పుడు లేకుండా, చల్లగా. కిరాయికి పిలిచేవాళ్లు ముందు ఆ బండ్లనే అడిగేవాళ్లు. ఖుతుబుద్దీన్‌కు మోకాళ్లు పట్టేసి క్లచ్ తొక్కడం కష్టమైంది. ఫియట్ రేకుల షెడ్డులో చేరింది. కాశయ్య వచ్చి చూసి పెదవి విరిచాడు.

"భూమి అంటివి కదనే!" అన్నాడు ఖుతుబుద్దీన్.

"భూమి పెరిగింది భాయ్, బండే తగ్గింది. ఇప్పుడు తుక్కు కింద పోతది."

ఆ మాట తర్వాత ఖుతుబుద్దీన్ అతనితో ఏడాదిపాటు మాట్లాడలేదు.

తొంభై ఏడులో మాట్లాడాల్సి వచ్చింది. కాశయ్య ఒక కుర్ర ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు సామ్యూల్, సికింద్రాబాద్‌లో ఉంటాడు. పాత బండ్లు కొని, బాగుచేసి, నడుపుతాడట. అతను షెడ్డులో ఫియట్ చుట్టూ తిరిగాడు, తలుపు తీశాడు. వెనక సీట్లో నుంచి ఒక కోడి అరుస్తూ బయటికి దూకింది.

"ర్యాలీలో నడిచిందని విన్నాను. గెలిచిందా?" అని అడిగాడు సామ్యూల్.

ఖుతుబుద్దీన్ నోరు తెరిచేలోపే, "నాలుగో నంబరు" అంది జైనబ్.

ర్యాలీలో నడిచిన మాట నిజమేనని సామ్యూల్ మొహం వెలిగింది. అతను చెప్పిన ధర వాళ్లు బండి కొన్నదాని కంటే ఎక్కువ. కాశయ్య వెంటనే, "నేనేం చెప్పిన? భూమి అని చెప్పలే?" అన్నాడు.

"అమ్మేది లేదు," అన్నాడు ఖుతుబుద్దీన్, ఇంట్లోకి పోయి కూర్చున్నాడు.

జైనబ్ వెంట పోయింది. "అజీ, గా బండిల కోళ్లు గుడ్లు పెడుతున్నయి," అంది. "రోజూ పొద్దుగాల పోయి చూసి వస్తరు. చూసినప్పుడల్లా మీ పాణం ఉసూరుమంటది. నాకు తెల్వదా? నడిపెటోడు దొరికిండు. ఇచ్చేద్దాం."

"నీకు బాధ లేదా?"

"ఉన్నది. ఊకె నిలబడ్డ బండిని చూస్తే ఇంకా ఎక్కువున్నది."

అతను లేచి, తాళం చెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తన చేత్తో ఇవ్వలేకపోయాడు.

తర్వాతి చలికాలం సామ్యూల్, కాశయ్య దుకాణానికి ఫోన్ చేసి కబురు పెట్టాడు. పాత బండ్లన్నీ కలిసి ఆదివారం గజ్వేల్ మీదుగా పోతున్నాయని. మొగుడూపెళ్లాలు బస్సెక్కి ఎర్రవల్లి మలుపు దగ్గర దిగారు. చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నారు. అంబాసిడర్లు ఎడమకు తిరిగి పోయాయి, ఒక మిలిటరీ జీపు పోయింది, పైకప్పు లేని ఎర్ర బండి ఒకటి పోయింది. ఖుతుబుద్దీన్ ఒక్కసారిగా బెంచీ మీద నుంచి లేచాడు.

"వస్తుంది," అన్నాడు. ఇంకా ఏమీ కనబడడం లేదు.

కొత్త రంగు తళతళలాడుతూ ఫియట్ మలుపులోకి వచ్చింది. స్టీరింగ్ పట్టుకుని సామ్యూల్. పక్క సీట్లో ఎవరో అమ్మాయి, ఒళ్లో కాగితాలు, తల వంచుకుని వెతుకుతోంది. జైనబ్ రోడ్డు అంచు దాకా ఉరికి, బుర్ఖా ముసుగు వెనక్కి తోసి, గొంతెత్తి అరిచింది:

"తల ఎత్తు పిల్లా! ఎడమకు! ఎడమకు చెప్పు!"

అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. ఫియట్ ఎడమకు తిరిగింది. సామ్యూల్ హారన్ కొడుతూ పోయాడు. దుమ్ము రోడ్డంతా కమ్మి, మెల్లగా చేల మీదికి పోయింది.

"మూడో గేరులో మూలుగుతుంది, విన్నవా?" అన్నాడు ఖుతుబుద్దీన్ కళ్లు తుడుచుకుంటూ. "పోరడు చూసుకుంటలేడు."

"దుమ్ము పడిందా కండ్లల్ల?"

"దుమ్మే."

"నాకూ పడ్డది," అంది జైనబ్. బస్సుకు ఇంకా చాలా టైముంది. హోటల్ అబ్బాయిని పిలిచి ఇంకో రెండు చాయ్‌లు చెప్పింది.